తగువు దొరకని దొరసాని

మా ఊళ్లో కాపురం ఉండే పరదేశీయులందరూ ఊరివాళ్లతో ఒక్క తగువైనా పడి తీరాలని జిల్లా కచేరీవారు ఉత్తర్వు వేసినప్పుడు నాకందులో తప్పేమీ కనిపించలేదు. ప్రభుత్వం ఏం చేసినా ఆలోచించే చేస్తుందని నా నమ్మకం. నేనూ ప్రభుత్వోద్యోగినే. ఆ పాటి నమ్మకం లేకపోతే పొద్దున్నే లేచి ఆఫీసుకి వెళ్లడం కష్టం.

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు వీర్రాజు, మాది యానాం. ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లిపోయాక, ఇండియావాళ్లుగా మారతారా, మావాళ్లుగానే ఉంటారా అని అడిగితే మా నాన్న, "ఇప్పుడు మళ్లీ మారడం ఎందుకులెండి" అన్నాడట. ఆయనకి కుర్చీ మారడం కూడా ఇష్టం ఉండేది కాదు. ఆ బద్ధకం పుణ్యమా అని నేను ఫ్రెంచి పౌరుడిగా పుట్టి, పెరిగి, ఫ్రాన్సు వచ్చి, సాంత్ ఒర్తి అనే ఈ చిన్న ఊరి మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాను. ఇరవై ఏళ్లు దాటిపోయింది. మా ఆవిడ మంగతాయారుకీ ఈ ఊరే కాపురం. అందరూ మమ్మల్ని ఎంతో మర్యాదగా చూస్తారు. ఇంకో సంగతి. ఈ కథలో వాళ్లంతా మాట్లాడింది ఫ్రెంచిలోనే. నేను తెలుగులో చెప్తున్నాను. ఎవరి నోటైనా గోదావరి యాస వినిపిస్తే ఆ పాపం నాది, వాళ్లది కాదు.

మా ఊళ్లో ఇంగ్లీషువాళ్లు బాగానే ఉన్నారు. వాళ్ల దేశంలో రిటైరై, ఎండ కోసమూ వైను కోసమూ ఇటు వచ్చి, మావాళ్లు పందుల్ని కట్టేసుకునే పాత రాతి కొట్టాలు కొని, వాటికి నీలం తలుపులు పెట్టించుకుని ఉంటారు. పాపం మంచివాళ్లు. వాళ్ల కాలు మనం తొక్కితే మనకే క్షమాపణ చెప్తారు. ఇద్దరు కలిస్తే చాలు, ఎందుకో తెలియకపోయినా వరసలో నిలబడతారు. వాళ్లకున్న దిగులల్లా ఒక్కటే, ఊరివాళ్లు తమని దగ్గరికి రానివ్వరని.

ఆ మాట అబద్ధమని నేననను. ఇక్కడ ఏ కొట్టులోకి వెళ్లినా ముందు 'బోంజూర్' అనాలి. అనకపోతే మనం కొట్టులో లేనట్టే లెక్క. ఒక ఇంగ్లీషాయన కొత్తలో కసాయి పెర్నే కొట్టుకి వెళ్లి తిన్నగా మాంసం అడిగాడు. పెర్నే ఆయన మీదుగా గోడ గడియారం చూసుకుంటూ ఊరుకున్నాడు. ఆయన బెంబేలెత్తి మా ఆఫీసుకి వచ్చి, నేను మీకు కనపడుతున్నానా అని అడిగాడు. బోంజూర్ అన్నాక మాత్రం మర్యాదే మర్యాద. దయచేయండి మొస్యూ, సెలవు మదాం. ఏళ్లూ పూళ్లూ అంతే. గడప దాటి లోపలికి రమ్మన్న పాపాన పోరు.

ఈ బాధంతా ఇంగ్లీషువాళ్ల వారపత్రిక ఒకటి అచ్చువేసింది. అది చదివి జిల్లా అధికారిగారికి రోషం వచ్చింది. మా ప్రాంతం ఆదరణకి పుట్టిల్లు, ఇలా రాస్తారా అని వెంటనే 'పరదేశీయుల యెడ స్థానిక వైఖరుల అధ్యయన సంఘము' వేశారు. ఆ సంఘంవాళ్లు జిల్లా అంతా తిరిగి, ప్రతి పూటకూళ్లింట్లోనూ తిని, ఎక్కడెక్కడ ఏం తిన్నారో మినహాయించి మిగతాదంతా నివేదికగా రాశారు.

నిజం చెప్పొద్దూ, నివేదిక తెలివైనదే. మా ఊళ్లో రొట్టెల బషోకీ కసాయి పెర్నేకీ పడదు. వాళ్ల తండ్రులకీ పడేది కాదు. పోస్టుమానూ అతని తమ్ముడూ ఒక దడి గురించి తగువుపడి మాట్లాడుకోవడం మానేసి, ఏం చెప్పాలన్నా ఉత్తరం రాసుకుంటారు, ఆ ఉత్తరం మళ్లీ ఆ పోస్టుమానే పట్టుకెళ్లాలి. ఇదంతా సంఘంవారు గమనించారు. వీళ్లు పరాయివాళ్లతో మర్యాదగా ఉంటారు, తమవాళ్లతోనే పోట్లాడతారు అని కనిపెట్టారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ జీతం తీసుకునే సంఘం కనిపెట్టి ఊరుకోకూడదు, సిఫార్సు చెయ్యాలి.

ఉత్తర్వు వచ్చిన రోజు మేయరు బలాందియేగారు నన్ను గదిలోకి పిలిచి పైకి చదవమన్నారు. "ఈ ప్రాంతమందు మర్యాద యనునది పరాయితనమునకు చిహ్నమనియు, కలహమనునది ఆత్మీయతకు ప్రబల నిదర్శనమనియు నిర్ధారింపబడినది. కావున నివాసపు కార్డును పునరుద్ధరించుకొనగోరు ప్రతి పరదేశీయుడును, స్థానికునితో మనస్ఫూర్తిగా జరిపిన ఒక కలహమునకు ధ్రువపత్రమును దాఖలు చేయవలెను. లేనియెడల స్వదేశమునకు పోవలెను." కింద నియమాలు. గోడలు, కుక్కలు, కొమ్మలు, కిటికీ తలుపులు, ఆస్తి వాటాలు కలహానికి పనికొచ్చే విషయాలు. రాజకీయాలూ మతమూ పనికిరావు, అవి ఎవరితోనైనా పడొచ్చు కనక. కలహం మధ్యలో క్షమాపణ చెప్తే చెల్లదు. మధ్యాహ్నం భోజన విరామంలో అసలు చెల్లదు.

మేయరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈ కలహ విభాగం మీరే చూడాలి మొస్యూ వీర్రాజు, అన్నారు. నేనే ఎందుకండీ అన్నాను. ఊళ్లో ఎవరితోనూ తగువు లేని మనిషి మీరొక్కరే, నిష్పక్షపాతంగా ఉంటారు, అన్నారు. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఆ మధ్యాహ్నమే నా బల్ల మీద 'కలహములు' అని అట్టముక్క పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నకి ఇంగ్లీషువాళ్లు నా బల్ల ముందు వరసకట్టేశారు. ఒక్కడికీ కోపం రాలేదు. నియమాలు స్పష్టంగా రాసినందుకు కృతజ్ఞతలు చెప్పారు. ఆఫీసు నోటీసు బోర్డు మీద ఒకాయన అందమైన దస్తూరీతో కాగితం అంటించాడు, మాతో తగువు పడదలచినవారు తమ వీలును బట్టి సాయంత్రం నాలుగింటికి రావచ్చు, టీ బిస్కెట్లు ఉంటాయి అని. వెళ్లినవాళ్లున్నారు. టీ తాగి, బిస్కెట్లు బాగున్నాయని చెప్పి, మర్యాదగా వచ్చేశారు.

కచేరీ నుంచి ద్యుపెరే అనే కలహ పరిశీలనాధికారి వచ్చాడు. సన్నటి మనిషి, నున్నటి టోపీ, నవ్వితే జీతం కోస్తారన్నట్టు ఉంటాడు. మొదటి విచారణ, మాంసం అడిగి మాయమైపోయిన ఆ ఇంగ్లీషాయనకీ కసాయి పెర్నేకీ. పెర్నే పాపం సాయం చేద్దామనే వచ్చాడు. నా కొట్టు ముందు బండి ఎందుకు పెట్టావయ్యా అని గట్టిగా అడిగాడు. అయ్యో తప్పయిపోయిందండీ అన్నాడు ఇంగ్లీషాయన. ద్యుపెరే కలం కింద పెట్టేశాడు. క్షమాపణము కలహమునకు ముందే సంభవించినది, దరఖాస్తు తిరస్కరింపబడినది, అన్నాడు. దానికి కూడా ఇంగ్లీషాయన థాంక్స్ చెప్పాడు.

అవసరం ఉన్నచోట వ్యాపారం పుట్టకుండా ఉండదు కదా. ఊళ్లో ఒక పనీపాటా లేనివాడు, సీసా వైను ఇస్తే తన కుక్క గురించి తగువు పడతానన్నాడు. ఇంగ్లీషువాళ్లు వరసగా వెళ్లి పడ్డారు. కచేరీలో కాగితాలు చూసుకుంటే జిల్లాలో సగంమంది ఒకే కుక్క మీద కొట్టుకున్నట్టు తేలింది. కుక్కని విచారణకి పిలిపించారు. అది వచ్చి ద్యుపెరే చెయ్యి నాకింది. సాక్షి స్వభావమునకును ఆరోపణకును పొంతన లేదు అని అన్నీ కొట్టేశారు. ఆ రోజు మాత్రం నాకు నవ్వాగలేదు, బల్లకింద ఏదో పడిపోయినట్టు వంగి కూర్చున్నాను.

ఈలోగా ఇంకో ముప్పు వచ్చిపడింది. రొట్టెల బషో కూతురూ కసాయి పెర్నే కొడుకూ పెళ్లి చేసుకుంటామన్నారు. తండ్రులిద్దరూ తలో వీధి చివరా కాసేపు ఏడ్చి, సరే రాజీపడదాం అనుకున్నారు. ఈ మాట కచేరీకి తెలిసింది. అంతే, ఆఘమేఘాల మీద తాకీదు. తరతరాలుగా వచ్చుచున్న ఈ కలహమును జిల్లా వారసత్వ సంపదగా గుర్తించితిమి, అనుమతి లేక సమాధానపడుట నేరము, అని. రెండు కొట్ల మధ్య గోడకి ఇత్తడి పలక కూడా బిగించారు. పెళ్లి జరిగింది, తండ్రులిద్దరూ వీపులు ఆనించుకుని నిలబడి అక్షింతల బదులు బియ్యం చల్లారు. ఫొటో తీసి కచేరీకి పంపించాను.

ఇదంతా బాగానే ఉండేది, వినిఫ్రెడ్ దొరసాని సంగతి లేకపోతే.

వినిఫ్రెడ్ హాల్‌స్టెడ్ అని, డెబ్భై దాటిన ఆవిడ, పూర్వం బడిలో లెక్కలు చెప్పేది. మా యానాం అలవాటు ప్రకారం మా ఆవిడ ఆవిణ్ని దొరసానమ్మ అంటుంది. భర్తతో ఇక్కడికి వచ్చి పదేళ్లపైనే అయింది. ఆయన, ఎడ్గర్‌గారు, రెండేళ్ల కిందట పోయారు. మా చర్చి వెనక వాలులో సమాధి. ఆవిడ ప్రతి ఆదివారం మడత కుర్చీ పట్టుకెళ్లి, పక్కన కూర్చుని, ఆ వారం క్రికెట్టు కబుర్లు ఆయనకి చదివి వినిపిస్తుంది. పక్కనే తనకీ చోటు తీసి పెట్టుకుంది. ఆవిడ కార్డు గడువు ఆ నెలాఖరుతో తీరిపోతుంది. తగువు దొరక్కపోతే ఆవిడ వెళ్లాలి, ఎడ్గర్‌గారు ఉండాలి.

నా బల్ల ముందు కూర్చుని ఆవిడ ఈ మాటే అడిగింది. "మొస్యూ వీర్రాజు, ఆయన్ని ఒక్కణ్నీ వదిలి వెళ్లమంటారా?" నియమాల్లో సమాధానం కోసం వెతికాను. లేదు.

ఆవిడ పక్కింట్లోనే ఒనొరీన్ ఉంటుంది. ఇద్దరికీ మధ్య ఒకే గోడ. ఒనొరీన్ అంటే మా ఊరి తగువులకి పెద్దదిక్కు. ఎనభై ఏళ్లు వచ్చినా గొంతు తగ్గలేదు. పోస్టుమానుతో తగువు, ఫాదిరీతో తగువు, మేయరుతో తగువు, గంట తప్పు కొడుతోందని చర్చి గంటతో తగువు. అంత మనిషీ దొరసానితో మాత్రం పదేళ్లుగా రెండే మాటలు, పొద్దున్న బోంజూర్ మదాం, సాయంత్రం బోంస్వార్ మదాం. ధ్రువపత్రం మీద ఒనొరీన్ సంతకం ఉంటే ద్యుపెరే కాదు, వాళ్ల తాత దిగివచ్చినా కాదనలేడు. అందుకని దొరసాని తన ప్రయత్నాలు తను మొదలుపెట్టింది. ఎండుటాకులన్నీ ఊడ్చి ఒనొరీన్ గుమ్మంలో పోసింది. ఒనొరీన్ ఎత్తి పారబోసి, గాలి ఎక్కువగా ఉంది మదాం, అంది. రేడియోలో క్రికెట్టు గోడలు అదిరేలా పెట్టింది. పోనీలెండి మదాం, మీకు తోడుగా ఉంటుంది, అంది ఒనొరీన్.

ఆ సాయంత్రం దొరసాని అదే వీధిలో ఉన్న మా ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడింది. ఒనొరీన్ గంటని కూడా తిడుతుంది, నన్ను తిట్టదు, అంది. మా ఆవిడకి ఒళ్లు మండింది. "తగువు రాకపోడవేంటండీ, ఇదేం చోద్యం. రేపట్నుంచి రండి దొరసానమ్మా, నేను నేర్పుతాను ఆయ్" అంది.

మంగతాయారుది యానాంలో కుళాయి దగ్గర పెరిగిన నోరు. ఆవిడ చెప్పిన పద్ధతి ఏమిటంటే, తగువు పడాలనుకున్న మనిషిని ఎప్పుడూ తిన్నగా తిట్టకూడదు. పక్కన ఉన్న గోడతోనో, గిన్నెతోనో, దారినపోయే పిల్లితోనో చెప్పాలి. అవతలివాళ్లు, ఎవర్నే అంటున్నావు అని తమంతట తాము వచ్చి తగులుకోవాలి. అప్పుడు నడుం మీద చెయ్యి వేసి, నిన్నంటే నీకెందుకు పొడుచుకొచ్చిందే అనాలి. తరవాత అవతలివాళ్ల వంశం మీదికి వెళ్లాలి. మాటలు అయిపోయాక గుప్పెడు దుమ్మెత్తి పోసి, జడ విసురుగా వెనక్కి వేసుకుని వచ్చెయ్యాలి. దొరసానికి జడ లేదు. మెడ రుమాలు విసురుకోమంది మా ఆవిడ.

మా పెరట్లో రోజూ పాఠం. దొరసాని లెక్కల మనిషి కదా, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. నడుం మీద చెయ్యి బ్రహ్మాండంగా కుదిరింది. కానీ ఎంత తిట్టినా చివర 'మీకు అభ్యంతరం లేకపోతే' అనడం మానలేకపోయింది. మా పిల్లిని చూస్తూ, ఓ పిల్లీ, కొంతమందికి సిగ్గూ ఎగ్గూ లేవు, మీకు అభ్యంతరం లేకపోతే, అనేది. పిల్లి లేచి అవతలకి వెళ్లిపోయేది. నేను కిటికీలోంచి చూసి నవ్వలేక చచ్చేవాణ్ని.

ఒకరోజు పాఠం మధ్యలో దొరసాని, మరి మీరు ఈ ఊళ్లో ఎవరెవరితో తగువు పడ్డారు, అని అడిగింది. మా ఆవిడ టీ పెడతానని లోపలికి వచ్చేసింది. ఆ పూట అన్నాల దగ్గర నన్ను అదే అడిగింది. "ఏవండీ, ఇన్నేళ్లలో మనల్ని ఎవరైనా ఒక్క మాటన్నారా?" ఎందుకంటారే, మనమంటే అందరికీ గౌరవం, అన్నాను. నాకెందుకో ఆ పూట పప్పు రుచించలేదు.

విచారణ రోజు వచ్చింది. సంత జరిగే రోజు, ఊరంతా చౌకు దగ్గరే ఉంది. నీళ్ల ఫౌంటెను పక్కన బల్ల వేసుకుని ద్యుపెరే కూర్చున్నాడు. ఒక పక్క ఒనొరీన్, ఒక పక్క దొరసాని. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ జనంలో ముందువరసలో ఉంది, పెదాలు కదుపుతూ పాఠం అప్పచెప్తోంది.

దొరసాని నడుం మీద చెయ్యి వేసింది. ఫౌంటెను మీదున్న రాతి సింహాన్ని చూస్తూ, "ఓ సింహమా, కొంతమంది గులాబీ కొమ్మలు నా కిటికీలోకి వస్తున్నాయి. వాళ్ల అమ్మమ్మ కూడా ఇంతేనట. మీకు అభ్యంతరం లేకపోతే" అంది.

ఒనొరీన్ తల వంచి, నిజమే మదాం, రేపే కొట్టించేస్తాను, అంది.

"కలహము సంభవించలేదు," అన్నాడు ద్యుపెరే. "ఆరోపణయందు హృదయము లేదు. ప్రత్యారోపణ బొత్తిగా లేదు. అభ్యర్థిని ఈ నేలయందు వేళ్లూనలేదని భావించి, నెలాఖరులోగా నిష్క్రమించవలసినదిగా ఆదేశించుచున్నాము." ఠప్పున ముద్ర కొట్టాడు.

పెర్నే టోపీ తీసేశాడు. అవతల వీధి చివర బషో కూడా తీసేశాడు, ఇతన్ని చూసి కాదు. దొరసాని చెయ్యి నడుం మీంచి జారిపోయింది. అయినా ఆవిడ ద్యుపెరేకి థాంక్స్ చెప్పింది. ఒనొరీన్ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది. ఇల్లు అమ్మకానికి పెడతాను మదాం, మీరెప్పుడూ నన్ను ఇబ్బంది పెట్టలేదు, చాలా సంతోషం, వీలైతే ఎప్పుడైనా ఎడ్గర్ మీద గడ్డి పీకించండి, అంది.

ఒనొరీన్ ఆ చెయ్యి వంక చూసింది. మొహం ఎర్రబడింది. తరవాత ఆ గొంతు లేచింది.

"ఎక్కడికే నువ్వెల్లేది? పదేళ్ల నించి నీ ముదనష్టపు తీగ నా చూరులోకి పాకి గొట్టం మూసేసింది. వానొత్తే వంటింటి నిండా గిన్నెలెట్టుకుని కూకుంటన్నాను. ఒక్క మాటన్నానా? ఎందుకన్లేదో తెల్సా? మీవోళ్లు వత్తారు, తలుపులకి రంగులేత్తారు, రెండు చలికాలాలు చూసి అమ్ముకుని పోతారు. పోయేదానితో తగువెందుకు, నోరు నొప్పని ఊరుకున్నాను. ఉంటావని తెలిత్తే మొదటేడే జుట్టట్టుకుని అడిగేదాన్ని. ఇప్పుడు మొగుణ్ని మా మట్టిలో ఎట్టి, ఆయన మీద గడ్డి నన్ను పీకమని ఎల్లిపోతావా? సిగ్గులేదటే నీకు?"

దొరసాని చాపిన చెయ్యి అలాగే ఉంది. తరవాత పిడికిలి అయింది.

"సిగ్గు నాకా?" అంది. ఆ గొంతు మేమెవరమూ ఎప్పుడూ వినలేదు. "ఎడ్గర్ పోయిన రోజు నువ్వేం చేశావు? నా చెయ్యి పట్టుకు ఊపి, సంతాపం మదాం అని వెళ్లిపోయావు. గోడ అవతల నీ పొయ్యి మీద సూపు వాసన నాకు వస్తూనే ఉంది. ఒక్క గిన్నెడు తెచ్చి పెట్టావా? నేను బిస్కెట్లు తిని పడుకున్నాను. మదాం అట, మదాం. ఇంకోసారి నన్ను మదాం అన్నావంటే ఊరుకోను."

అభ్యంతరం లేకపోతే అంటుందని అందరం ఎదురుచూశాం. అనలేదు.

"తలుపేసుకు కూకుంటే సూపు గోడ దూకి వత్తుందేంటే? నోరు లేదూ అడగడానికి?" అంది ఒనొరీన్.

"తలుపు కొట్టడానికి నీకు చేతుల్లేవా?" అంది దొరసాని.

అక్కణ్నుంచి ఇద్దరూ ఎత్తుకున్నారు చూడండి. కోళ్లు వచ్చాయి, కిటికీలు వచ్చాయి, ఒనొరీన్ ప్రతి క్రిస్మస్‌కీ గుమ్మంలో పెట్టిపోయే పళ్ల జాము పరమ చేదని వచ్చింది, ఎడ్గర్‌గారు బతికుండగా తెల్లారకుండానే ఈల వేసేవాడని వచ్చింది. ఎడ్గర్ పేరెత్తావంటే చంపేస్తానంది దొరసాని. మంచోడు కాబట్టే ఎత్తాను, నీలా కాదు, అంది ఒనొరీన్. ఇద్దరికీ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఇద్దరూ తుడుచుకోవడం లేదు. జనం బల్లలెక్కి చూస్తున్నారు. మేయరుగారు రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. ఇంత అందమైన తగువు నా ఉద్యోగంలో చూస్తాననుకోలేదు.

సరిగ్గా అప్పుడు చర్చి గంట పన్నెండు కొట్టింది. ద్యుపెరే లేచి, "భోజన విరామము ఆసన్నమైనది. ఉభయపక్షములును కలహమును యథాస్థితియందు నిలిపి, రెండు గంటలకు ఇచ్చటినుండియే కొనసాగించవలెను" అన్నాడు.

ఇద్దరూ ఒకేసారి అతనివైపు తిరిగారు.

మధ్యలో నువ్వెవడివిరా అంది ఒనొరీన్. రేపు ముద్ర కొట్టి ఆపమంటావా ఏడుపుని, అంది దొరసాని. అతని టోపీ దగ్గర మొదలుపెట్టి, కచేరీ మీదుగా, అతన్ని కన్న తల్లి వరకూ వెళ్లారు. చివరికి దొరసాని వంగి ఫౌంటెను దగ్గర గుప్పెడు దుమ్ము తీసి, మా ఆవిడ నేర్పినట్టే, మణికట్టు తిప్పి మరీ పోసింది. రుమాలు వెనక్కి విసిరింది. నున్నటి టోపీ మీద దుమ్ము నిండిపోయింది. ద్యుపెరే కూర్చుండిపోయాడు. కాగితం తీసి, 'కలహము సంపూర్ణము, ఉభయపక్షములందును హృదయము పుష్కలము' అని రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. ఒనొరీన్ దాని మీద సంతకం పెట్టి, పెట్టిన కలాన్నే దొరసాని మొహం ముందు ఆడించి, ఆ తీగ రేపు సాయంత్రంలోగా తియ్యకపోయావో, అంది. తియ్యను, ఏం చేస్తావో చెయ్యి, అంది దొరసాని. కాగితాన్ని రెండు చేతులా గుండెకి అదుముకుని అంది ఆ మాట.

చౌకంతా చప్పట్లు. నేనూ కొడుతున్నాను. అంతలో ఒనొరీన్ వేలు జనంలోకి తిరిగి మా ఆవిడ ముక్కు ముందు ఆగింది.

"నువ్వేగా దీనికి ఇయ్యన్నీ నేర్పింది? పిల్లితో మాటాడించడం, దుమ్ము పొయ్యడం. అంతా మీ పెరటి గోడ మీంచి తొంగి చూత్తానే ఉన్నాను. ఆదివారం వచ్చిందంటే ఆ కంపు చేపలేవో ఏపి ఈదంతా దగ్గిత్తావు. ఇరవయ్యేళ్ల నించి కిటికీలు బిగించుకుని చత్తన్నాం. నీ మొగుడు మేయరాఫీసులో పెద్ద మనిషిలా కూకుని అందరికీ దండాలెడతాడు. మీరూ ఇయ్యాలో రేపో పోయేవోళ్లేగా అని ముక్కు మూసుకుని ఊరుకున్నాను. పోరేంటే మీరు?"

అలవాటు కొద్దీ మంగతాయారు చెయ్యి నడుం మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. మా ఆవిడ నన్ను చూసింది, ఒనొరీన్‌ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఏవండీ, ఆ కచేరీ ఆయన్ని ఎల్లనివ్వకండి. మనకీ ఒక కాగితం రాయించండి" అంది.

"మనకెందుకే? మనం పౌరులం. చట్టప్రకారం మనకి అక్కర్లేదు" అన్నాను.

"చట్టానికి కాదండి. నాక్కావాలి."

ద్యుపెరే టోపీ దులుపుకుంటూ కారు వైపు పోతుంటే పరిగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇంకో కాగితం తీయించాను. మా పేర్లు రాయించి, ఒనొరీన్ ముందు పెట్టి, దయచేసి ఇక్కడో సంతకం మదాం, అన్నాను.

"సంతకం తరవాత," అంది ఒనొరీన్ కాగితం అవతలకి తోసేసి. "ఇంకా ఆ చేపల సంగతే అవలేదు. నిలబడండి ఇద్దరూ అక్కడే."

నిలబడ్డాం.